అప్‌డేట్: ఒక్క ఎకరంలో స్వర్ణ సబ్-1 వేసి చూశాను

మా మూడెకరాల పల్లపు చేలో మామూలు స్వర్ణ వరి, అదే ఎంటీయూ 7029, మానేసి మొత్తం ముంపును తట్టుకునే స్వర్ణ సబ్-1 రకం వేయొచ్చా అని జూన్‌లో ఇక్కడ అడిగాను. ముందు ఒక ఎకరంలో చూడమన్నారు. అలాగే చేసి, మిగతా రెండెకరాల్లో మామూలు స్వర్ణే వేశాను.

నాట్లేసిన నెలకి డ్రెయిన్ పొంగి తొమ్మిది రోజులు చేను నీళ్లలోనే ఉంది. టెన్షన్‌తో నిద్రే లేదు. నీరు తీశాక రెండూ ఒకేలా కుళ్లినట్టు కనిపించాయి. కానీ వారం తిరిగేసరికి సబ్-1 దుబ్బుల్లో కొత్త ఆకు వచ్చింది! మునిగినప్పుడు అది పైకి సాగకుండా ఆగి, ఉన్న శక్తిని దాచుకుంటుంది. మామూలు స్వర్ణ సాగి సాగి నీరసించి చచ్చింది. ఊరంతా తిరిగి నారు కొని ఎకరంన్నర మళ్లీ నాటాను.

అయితే ఈ గుణం పిలకల దశ వరకే. పూత మీద ముంపు వస్తే ఇదీ నిలబడదు. అందుకే వచ్చే ఏడు రెండెకరాలే సబ్-1, మెరకగా ఉన్న ఎకరంలో పాత స్వర్ణే. విత్తనం ఈ పంటలోంచే తీసి పెట్టాను.