మిర్చికి మందు కొట్టడానికీ వీర్యకణాల కౌంట్ తగ్గడానికీ సంబంధం ఉందా?

పల్నాడు మిర్చి:
మాది సత్తెనపల్లి వైపు. నాకు 31. పెళ్లై నాలుగేళ్లు, పిల్లల్లేరు. మా ఇంటావిడకి పరీక్షలన్నీ అయ్యాయి, బాగానే ఉన్నాయన్నారు. నేనే ఇన్నాళ్లూ సిగ్గుపడి తప్పించుకున్నా. పోయిన నెల చేయిస్తే మిల్లీలీటరుకు 90 లక్షలే వచ్చింది. 1 కోటి 60 లక్షలైనా ఉండాలట. సిగరెట్ లేదు, మందు లేదు, చేలో కొట్టే మందు తప్ప.

మూడెకరాల మిర్చి. వారానికోసారి కొట్టాల్సిందే, నల్లతామర పురుగు పడిన ఏడాదైతే ఇంకా ఎక్కువ. తైవాన్ పంపు వీపున వేసుకుంటే మూత దగ్గర కారి నడుము కిందదాకా తడుస్తుంది. మధ్యాహ్నం దాకా ఆ తడి లుంగీతోనే. హార్మోన్లను పాడుచేసే రసాయనాలని ఎక్కడో చదివినప్పట్నుంచీ నిద్ర లేదు. మానేస్తే కౌంట్ తిరిగొస్తుందా? అసలు మానేస్తే పంట దక్కదు, అదీ చూసి చెప్పండి.

నరసరావుపేట బాబాయ్:
మా నాన్న ఎండ్రిన్ కొట్టాడు, నేను ఎండోసల్ఫాన్ కొట్టా. ఆయనకి ఆరుగురం, నాకు ముగ్గురు. ఈ రిపోర్టులు చూసుకుంటూ కూర్చుంటే ఉన్న కౌంటూ పోద్ది అబ్బాయ్.

ల్యాబ్ అక్క:
తమ్ముడూ, గుంటూరులో ఒక ల్యాబ్‌లో పద్నాలుగేళ్లుగా ఇవే శాంపిళ్లు చూస్తున్నా. ఒక్క రిపోర్టుకే బెంగపడకు. వీర్యకణం తయారవడానికి దాదాపు 72 రోజులు పడుతుంది, అందుకే రెండు నెలల కింద వచ్చిన జ్వరం దెబ్బ కూడా ఇవాళ్టి కౌంట్‌లో కనిపిస్తుంది. రెండు నుంచి ఏడు రోజులు కలవకుండా ఉండి మళ్లీ ఇవ్వు. అదీ ల్యాబ్‌లోనే. ఇంట్లో పట్టి గంటన్నర బస్సులో తెచ్చినదాంట్లో కదలిక ఎంతుందని రాయను? వెరికోసీల్, అంటే వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బడం, ఉందేమో యూరాలజిస్టుకి చూపించు. నేను చూసేది డబ్బాలోది, నిన్ను కాదు.

సంబంధం ఉండొచ్చు. కానీ నీ కౌంట్ దానివల్లే తగ్గిందని ఎవరూ రాసివ్వలేరు. బాబాయ్ గారూ, మీ ఎండోసల్ఫాన్ సంగతే వినండి. కేరళలో కాసరగోడ్ జీడిమామిడి తోటల మీద ఇరవై ఏళ్లకు పైగా హెలికాప్టర్లతో చల్లారు. అక్కడ పడ్రే ఊరి మగపిల్లల్ని వేరే ఊరి పిల్లలతో పోల్చి చూసిన అధ్యయనం 2003లో వచ్చింది. వీళ్లకి యుక్తవయసు లక్షణాలు వెనకబడ్డాయి, మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ తక్కువ, దాన్ని తయారుచేయమని మెదడు దగ్గర్నుంచి వచ్చే ఎల్‌హెచ్ అనే హార్మోన్ మాత్రం ఎక్కువ. పైనుంచి ఎంత కేకలేసినా కింద పని సాగట్లేదన్నమాట. 2011లో సుప్రీంకోర్టు ఆ మందు ఆపించింది. మీకు ముగ్గురు పుట్టారు, సంతోషం. పిల్లలు పుట్టనివాళ్లు ఇలా అందరి ముందూ చెప్పుకోరు కదా, వాళ్లు మా దగ్గరికి మొహానికి కండువా చుట్టుకుని వస్తారు.

తిరిగొస్తుందా అన్నావు. కాలిఫోర్నియాలో లాథ్రోప్ అనేచోట పంటల నులిపురుగుల మందు డీబీసీపీ తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. మనలో ఎవరికీ పిల్లలు పుట్టట్లేదేంటని అక్కడి మగవాళ్లే మాటల్లో అనుకుని, 1977లో పరీక్షలకు వెళ్లారు. కొందరికి ఒక్క కణమూ లేదు. ఆ పని మాన్పించాక, కౌంట్ తగ్గినవాళ్లలో చాలామంది కోలుకున్నారు, సున్నాకి పడినవాళ్లలో కొందరికి రాలేదు. అది హార్మోన్ల జోలికన్నా నేరుగా వృషణాల మీదికే వెళ్లే మందు, నువ్వు కొట్టేవి వేరు. అయినా నీది సున్నా కాదు, 90 లక్షలు. గుర్తుంచుకో.

నన్ను భయపెట్టేది నీ కౌంట్ కాదు. నువ్వు కాయకుళ్లుకి టెబుకొనజోల్ కొడుతుంటావుగా? దాన్ని కడుపుతో ఉన్న ఎలుకలకిచ్చి చూశారు. మగ ఎలుక పిల్లల్లో మగ హార్మోన్ వల్ల చనుమొనలు పోవాలి, అవి పోకుండా నిలిచాయి. ఎలుకలకిచ్చే మోతాదు ఎక్కువే, మనిషికీ అచ్చం అలాగే అవుతుందని నేననను. కానీ నీ కణాలు మూడు నెలలకోసారి కొత్తవి పుడతాయి. కడుపులో మగబిడ్డకి మగ అవయవాల రూపు కుదిరేది దాదాపు 8వ వారం నుంచి 14వ వారం లోపు, ఒక్కసారే. చాలామందికి నెల తప్పిన సంగతి ఖాయమై డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికే ఆ వారాలు దగ్గరపడతాయి, కొందరికి మొదలైపోతాయి కూడా.

ఒకటి చెప్పు, ఆ లుంగీ ఎవరు ఉతుకుతున్నారు?

వినుకొండ:
డ్రోన్ అద్దెకి దొరుకుతోంది, లేదా కూలీకి అప్పజెప్పు అన్నా. గోల ఉండదు.

పల్నాడు మిర్చి:
తనే ఉతుకుతుంది అక్కా. ఇంట్లో బట్టలన్నిటితో కలిపి ఒకే బకెట్‌లో నానేస్తుంది, చేత్తోనే పిండుతుంది. ఇది రాసేదాకా నాకు తట్టనే లేదు.

వినుకొండ తమ్ముడూ, మా కూలీ కుర్రాడికి ఈ మాఘంలోనే పెళ్లి. వాడి వీపున ఆ పంపు ఎలా పెట్టమంటావ్? డ్రోన్ ఆయన్ని అడుగుతా, ఎకరానికి ఎంతంటాడో.

ఈలోగా మూతకి వాషర్ మార్పించా, ముప్పై రూపాయలు. మూడేళ్లుగా కారుతోంది అది. మందు బట్టలకి వేరే బకెట్ కొన్నా, ఇకనుంచి నేనే గ్లవ్స్ వేసుకుని బోరు దగ్గర ఉతుక్కుంటా. బాబాయ్ నవ్వితే నవ్వనీ. శాంపిల్ 12న ఇస్తున్నా.

ల్యాబ్ అక్క:
పొద్దున్నే రా. పదింటికి రష్ మొదలవుతుంది.