బిల్లు కమిటీ దాటిందంటే చట్టం అయిపోయినట్టేనా?

ప్రశ్న: మేం వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటున్నాం. రాష్ట్ర శాసనసభ సెషన్ మొదలయ్యాక మా డిస్ట్రిక్ట్ ప్రతినిధి ఈమెయిల్‌లో అప్‌డేట్లు పంపుతున్నారు. అద్దెల బిల్లు 'కమిటీ దాటి రూల్స్‌కి వెళ్లింది' అన్నారు. ఇక అయిపోయినట్టేనా? మాకింకా సిటిజన్‌షిప్ రాలేదు, మేం అభిప్రాయం చెప్పొచ్చా?

జవాబు 1: అప్పుడేనా అండీ! 'రూల్స్' అంటే ఏ బిల్లు ఓటింగ్‌కి వెళ్లాలో తేల్చే రూల్స్ కమిటీ. అది బయటికి లాగితేనే బిల్లు సభలో ఓటింగ్‌కి వస్తుంది, చాలా బిల్లులు అక్కడే ఆగిపోతాయి. ఇక్కడ హౌస్, సెనేట్ అని రెండు సభలు. ఒకదాంట్లో ఓటింగ్‌లో నెగ్గినా రెండో సభలో మళ్లీ కమిటీ, రూల్స్, ఓటింగ్, చివరికి గవర్నర్. ప్రతి దశకీ కటాఫ్ తేదీ (ఆలోపు దాటాల్సిన గడువు) ఉంటుంది, ముందు అది చూసుకోండి.

జవాబు 2: తప్పకుండా చెప్పండి, సిటిజన్ అయి ఉండాలన్న నిబంధనేం లేదు. రెండో సభలో కమిటీ హియరింగ్ (జనం మాట వినే సమావేశం) పెట్టినప్పుడు శాసనసభ వెబ్‌సైట్‌లో ఆ బిల్లుకి అనుకూలమో వ్యతిరేకమో నమోదు చేయొచ్చు, కాకపోతే హియరింగ్‌కి కనీసం గంట ముందే చేసేయాలి. జూమ్‌లో మాట్లాడొచ్చు కూడా. అద్దె కట్టేవాళ్ల మాట అక్కడ వినపడాలి, దయచేసి వదిలేయకండి.

జవాబు 3: ఒక్క మాట. అప్‌డేట్‌లో ఏ ప్రతినిధైనా తాము గెలిపించిన బిల్లులే ఎక్కువ రాసుకుంటారు. ఎవరు ఎటు ఓటేశారో బిల్లు పేజీలోని రోల్ కాల్‌లో ఉంటుంది, అదీ చదవండి. బేసి సంవత్సరంలో సెషన్ 105 రోజులు, సరి సంవత్సరంలో 60 రోజులే. బేసి ఏడాదిలో ఆగిన బిల్లు మరుసటి ఏడాది మళ్లీ చర్చకు రావచ్చు.