కార్సెట్: 18 అంగుళాల నడుము నిజమా, కొలత లెక్క తప్పా?

నూలుపోగు:
"విక్టోరియా రాణి కాలంలో ఆడవాళ్ళ నడుము 16, 18 అంగుళాలే, ఊపిరాడక పడిపోయేవాళ్ళు" అనే మాట మళ్ళీ తిరుగుతోంది. కార్సెట్ అంటే ఉక్కు పట్టీలు పెట్టి కుట్టి, వెనక లేసు తాడుతో నడుముకి బిగించే లోపలి బట్ట. దాని కొలతనే నడుము కొలత అనుకోవడం దగ్గర తప్పు మొదలవుతుంది. వెనక అంచులు రెండూ కలిపి కొలిస్తే వచ్చేది కొట్లో అమ్మే సైజు. ఒంటి మీద మాత్రం వెనక 2 నుంచి 4 అంగుళాల ఖాళీ ఉంచి కట్టేవాళ్ళు. అంటే 20 సైజు తొడిగిన మనిషి నడుము 22 పైమాటే. ఇంగ్లండులో లెస్టర్‌షైర్ మ్యూజియం దగ్గరున్న సిమింగ్టన్ కంపెనీ కార్సెట్లు 197 కొలిస్తే 18 తేలింది ఒక్కటే. ఎక్కువ భాగం 20–26 మధ్యే.

పాతపెట్టె:
అందరూ ఖాళీ ఉంచారని ఎలా చెబుతారు? అంచులు కలిసేదాకా లాగినవాళ్ళు లేరా? పైగా అది కంపెనీ పోగేసిన సరుకు. ఎవరు ఎంత బిగించారో ఆ గుడ్డ చెప్పదు. 1860ల చివర్లో ఇంగ్లిష్‌వుమన్స్ డొమెస్టిక్ మ్యాగజైన్‌లో నడుము బిగింపు మీద ఏళ్ళ తరబడి ఉత్తరాలు పడ్డాయి. వాటిని ఏం చేద్దాం?

నూలుపోగు:
ఆ ఉత్తరాల కింద అసలు పేర్లు లేవు. రాసింది ఆడవాళ్ళో, బిగింపు మీద మోజున్న మగవాళ్ళో తేలలేదు. టేపుతో కొలిచిన లెక్క ఒకవైపు, ఊరూ పేరూ లేని ఉత్తరం ఒకవైపు. రెంటినీ ఒకే తక్కెడలో పెట్టకండి.

కచ్చికుట్టు:
ఒక్కరే కట్టుకోగలరా? మంచం కోడు పట్టుకుని నిలబడితే ఇంకొకరు వెనక నుంచి లాగడమే సినిమాల్లో చూపిస్తారు.

నూలుపోగు:
కట్టుకోవచ్చండీ. ముందువైపు రెండు ఉక్కు పట్టీలు ఉంటాయి, వాటిని బస్క్ అంటారు. ఒకదానికి గుబ్బలు, రెండో దానికి గుబ్బ దూరే కొక్కేలు. మొట్టమొదట వెనకవైపు లేసు బాగా వదులు చేయాలి. షిమ్మీజు (ఒంటికి ఆనుకుని తొడిగే పలచటి లోచొక్కా) మీద కార్సెట్ చుట్టుకుని, పైనుంచి రెండో కొక్కెం మొదట పెట్టాలి. అది నిలబడితే మిగతావి సులువు. తర్వాత లేసుని పైనుంచి నడుముదాకా, కిందనుంచి నడుముదాకా ఒక్కో అడ్డగీతా లాగుతూ రావాలి. నడుము దగ్గర రెండు పొడుగు ఉచ్చులు మిగులుతాయి. వాటిని లాగి ముడి వేస్తే అయిపోయింది.

విప్పేటప్పుడే చాలామంది పాడు చేస్తారు. లేసు వదులు చేయకుండా బస్క్ విప్పబోతే గుబ్బ ఊడొస్తుంది, లేకపోతే పట్టీ వంగుతుంది. వెనక ఖాళీ పైనుంచి కిందదాకా ఒకే వెడల్పులో ఉండాలి. కిందకి వచ్చేకొద్దీ వెడల్పైతే తుంటి దగ్గర గుడ్డ చాలలేదని అర్థం. అప్పుడు బరువంతా ఒకేచోట పడి, ఐలెట్ల (లేసు దూరే కన్నాల) పక్కనున్న ఉక్కు పట్టీ మెలి తిరుగుతుంది. గుడ్డ కూడా మామూలు నూలు పనికిరాదు. కూటిల్ అనే చిక్కటి నేత కావాలి. లోపల నడుము గీత వెంబడి అంగుళం వెడల్పు టేపు కుడితే లాగుడు గుడ్డ మీద కాక టేపు మీద పడుతుంది. అది లేకపోతే నాలుగు రోజులకే నడుము దగ్గర సాగిపోతుంది.

పాతపెట్టె:
కుట్టు చక్కగా ఉందంటే తొడిగించడం న్యాయమైపోతుందా? 1881లో లండన్‌లో, ఒంటికి సుఖంగా ఉండే బట్టలు కావాలంటూ రేషనల్ డ్రెస్ సొసైటీ పెట్టింది ఆడవాళ్ళే. లోపలి బట్టలన్నీ కలిపి 7 పౌన్లు, అంటే మూడు కిలోల పైచిలుకు, దాటకూడదన్నారు. దాటుతున్నాయి కాబట్టే కదా ఆ మాట అనాల్సొచ్చింది?

నూలుపోగు:
ఆ బరువు ఎక్కడ నిలబడుతుందో చూడండి. లంగా బొందు ఒక్కటి గట్టిగా కడితేనే నడుము మీద ఎర్రటి గీత పడుతుంది. అలాంటి లంగాలు నాలుగైదు ఒకదాని మీద ఒకటి కడితే? ఆ బొందులు కోయకుండా, బరువుని నడుమంతా పరిచేది కార్సెట్టే. 1856లో ఉక్కు క్రినోలిన్ (పై లంగాని గొడుగులా నిలబెట్టే ఉక్కు చట్రం) వచ్చాక లంగాల సంఖ్యా తగ్గింది.

దారపుకండె:
తగ్గింది, కానీ వెడల్పు పెరిగి పొయ్యి దగ్గర అంచు ఎక్కడుందో తెలిసేది కాదు. పలచటి మస్లిన్, కింద గాలి. అంటుకుంటే ఆర్పేలోపు ఒళ్ళంతా పాకేది.

పాతపెట్టె:
నూలుపోగు గారూ, పోయినసారి కూడా నా మాట సగం కోసి అంగుళాల్లోకే లాగారు. మీ చేతిలో టేపు ఉంది, దాంతో మనిషిని కొలవలేరు. నేనడిగేది ఒక్కటే: వద్దు అనుకుంటే అది లేకుండా గడప దాటగలిగేదా? కార్సెట్ లేని మనిషిని బద్ధకస్తురాలు, నీతి లేనిది అన్నారు. నడుము 18 అయినా 26 అయినా నాకు ఒకటే.

నూలుపోగు:
ఇది మొదటి రోజే అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. వద్దనే వీలు లేదన్న మాట ఒప్పుకుంటా. నాకు మండేది వేరే. 16 అంగుళాల కథ చెప్పిన ప్రతిసారీ అన్ని లక్షల మంది ఆడవాళ్ళు బుద్ధి లేక ఊపిరి బిగబట్టి బతికారన్నట్టు ఉంటుంది. బట్టలు ఉతికినవాళ్ళు, మిల్లులో నిలబడి పని చేసినవాళ్ళు కూడా అదే తొడిగారు. పనికి తగ్గట్టు వదులుగా కట్టుకునే తెలివి వాళ్ళకుంది.

పాతపెట్టె:
తెలివి లేదని నేనెప్పుడూ అనలేదు. ఆ తెలివంతా భరించడానికే ఖర్చయిందంటున్నా.

దారపుకండె:
ఇదే సిమింగ్టన్ కంపెనీ 1908లో లిబర్టీ బాడీస్ అనే లోపలి జాకెట్టు తెచ్చింది. బిగుతు పట్టీలు (బోన్లు) లేవు, మెత్తటి అల్లిక గుడ్డ, రబ్బరు గుండీలు. ఆడపిల్లలకి తెగ తొడిగారు. అడిగేవాళ్ళు లేకుండా కార్సెట్ల కంపెనీ అలాంటిది కుడుతుందా?

నూలుపోగు:
కుట్టదు. కానీ అప్పటికి రాణి పోయి ఏడేళ్ళు. 197లో ఎన్నింటికి ఖాళీ ఉంచి కట్టారన్నదానికి అది జవాబు కాదు.