కొత్త కారుకు పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్): ఒళ్లంతా వేయించాలా, ముందు భాగానికి చాలా?

నల్లేరు_మీద_బండి:
అందరికీ నమస్తే. వచ్చే నెల మొదటి వారంలో కారు డెలివరీ. మిడ్ సైజ్ ఎస్‌యూవీ, రంగు నలుపు. ఇంట్లో వద్దన్నా నేనే పట్టుబట్టాను. ఉండేది ఎల్బీ నగర్‌లో, నెలకు రెండుసార్లు సూర్యాపేట మీదుగా ఖమ్మం వెళ్లొస్తాం. పాత కారు అమ్మే ముందు బానెట్ మీద రాళ్లు కొట్టిన మచ్చలు లెక్కపెడితే 41 తేలాయి, బంపర్ సంగతి వదిలేశాను. పెయింటు కాపాడటానికి పైన అంటించే పారదర్శక ఫిల్మ్ ఉంది కదా, ఆ పీపీఎఫ్‌కు షోరూమ్‌లో 1,35,000 చెప్పారు. బయట ఒక డీటెయిలింగ్ షాపులో 85,000, ఇంకో చోట 48,000. మూడు చోట్లా "టీపీయూనే సార్, ఒరిజినల్ సార్" అనే మాటే. టీపీయూ అంటే రబ్బరులా సాగే ఒక రకం ప్లాస్టిక్ అట. మరి ఇంత తేడా ఎందుకు? మా బావమరిదేమో సిరామిక్ కోటింగ్ 20 వేలలో అయిపోతుంది, ఎందుకీ గోల అంటున్నాడు. వేయించుకున్నవాళ్లు చెప్పండి.

బెజవాడ_గేర్లు:
మీ బావమరిది చెప్పిన సిరామిక్ వేరే పనికి. దాని మందం మైక్రాన్లలో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఒకటో రెండో. మెరుపు వస్తుంది, నీళ్లు జారిపోతాయి, కడగడం తేలిక. రాయి తగిలితే మాత్రం అది ఉన్నా లేనట్టే. పీపీఎఫ్ 150 నుంచి 200 మైక్రాన్ల దాకా ఉంటుంది. కంపెనీ వేసిన పెయింటు పొరలన్నీ కలిపినా చాలా కార్లకు 100, 150 మైక్రాన్లే. అంటే పెయింటు కంటే మందమైన తొక్క పైన వేస్తున్నారన్నమాట. వియత్నాం యుద్ధంలో హెలికాప్టర్ రెక్కలు ఇసుకకు అరిగిపోకుండా వేసిన ఫిల్మే దీనికి ముత్తాత. మీరు తిరిగే రూట్లో టిప్పర్లు ఎక్కువ కాబట్టి ముందు భాగానికి వేయించడం తప్పు కాదు.

ఎల్లంపల్లి_వైట్:
48 వేల దగ్గర ఆగండి అన్నా. ఆ తప్పు నేను చేసి కూర్చున్నా.

నాది తెల్ల సెడాన్. మా ఊళ్లోనే ఒక షాపులో 45 వేలకు ఒళ్లంతా వేయించిన. ఏడేళ్ల వారంటీ అని మెరిసే కార్డు ఇచ్చారు. రామగుండం పక్కన ఎండ సంగతి మీకు తెలుసు. రెండో వేసవి దాటేసరికి బానెట్ పాత పేపర్ రంగులోకి దిగింది. అద్దాల పక్కన ఫిల్మ్ లేని చోట పెయింటు తెల్లగా, బానెట్ పసుపుగా, అతుకు వేసిన కారు లెక్క. అంచుల వెంట నల్లటి గీత, దుమ్ము అంటుకుని. అడుగుదామని పోతే షాపు లేదు, ఆ షటర్‌లో ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నరు. తీయించడానికి ఇంకో 9 వేలు. ముందు బంపర్ అంతకుముందే ఒకసారి రీపెయింట్ అయ్యింది, ఫిల్మ్ లాగుతుంటే దాంతోపాటు అరచెయ్యంత పెయింటు ఊడొచ్చింది. నేను పక్కనే నిలబడి చూస్తున్నా.

స్క్వీజీ_పట్టిన_చెయ్యి:
కూకట్‌పల్లి వైపు ఆరేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. షాపు పేరు చెప్పను, అమ్ముకోవడానికి రాలేదు.

పైన అన్న పోస్టు చూస్తే అది పీవీసీనో, టీపీహెచ్ పేరుతో వచ్చే రకమో అయ్యుంటుంది. టీపీహెచ్ అంటే పేరు కొత్తగా ఉంటుంది కానీ అది పీవీసీ చుట్టమే. తేడా తెలియాలంటే షాపులో చెయ్యంత ముక్క అడగండి. రెండు చేతులతో మెల్లగా సాగదీసి వదలండి. టీపీయూ అయితే రబ్బరులా దాదాపు మొదటి సైజుకు వస్తుంది. నాసిరకం గట్టిగా ఉంటుంది, సాగితే సాగినట్టే ఉండిపోతుంది. తర్వాత దాన్ని ఏదైనా ప్యానెల్ మీద అంటించమని, ఇత్తడి బ్రష్‌తో మెల్లగా గీకి, మీద వేడినీళ్లు పోయమనండి. సన్న గీతలు కళ్లముందే మాయం కావాలి. ఫిల్మ్ పై పొరకు ఉండే గుణం అది. అయితే ఈ పరీక్ష పాస్ అయినంత మాత్రాన పసుపెక్కదని కాదు. పదేళ్ల ఎండను పది నిమిషాల్లో చూపించలేం కదా. దానికి బ్రాండే చూసుకోవాలి. ఎక్స్‌పెల్, త్రీఎం లాంటివి బయటివి, మనదే కావాలంటే గార్వేర్ ఉంది, మహారాష్ట్రలో తయారవుతుంది.

బ్రాండ్ పేరు బోర్డు మీద ఉంటే సరిపోదు. రోల్ మీ ముందు డబ్బాలోంచి తీయాలి. మామూలుగా 1.52 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల పొడవు. డబ్బా మీద సీరియల్ నంబరు ఫోటో తీసుకోండి. ఆ నంబరుతో, మీ కారు నంబరుతో కంపెనీ సైట్లో వారంటీ ఎక్కాలి. షాపువాడు చేత్తో రాసిచ్చిన కార్డు చిత్తు కాగితమే.

ఇదంతా ఒక ఎత్తు, వేసే చెయ్యి ఒక ఎత్తు. మంచి ఫిల్మ్‌ను చేతకానివాడు పాడుచేయగలడు. అందుకే షాపు చూడటానికి వెళ్లినప్పుడు కొత్తగా వేసిన కారు కాదు, ఏడాది క్రితం వాళ్లు వేసిన కారు చూపించమనండి. బానెట్ అంచు కింద వేలు పెట్టి చూడండి. ఫిల్మ్ లోపలికి మడిచి ఉంటే వేలికి ఏమీ తగలదు. అంచుకు రెండు మిల్లీమీటర్ల ముందే కోసి వదిలేస్తే గోరుకు మెట్టులా తగులుతుంది. రేపు దుమ్ము చేరేది అక్కడే.

నల్లేరు_మీద_బండి:
అన్నా, చాలా థాంక్స్. ఒక భయం. కారు మీదే బ్లేడుతో కోస్తారని విన్నాను. పెయింటు తెగదా?

స్క్వీజీ_పట్టిన_చెయ్యి:
తెగుతుంది, చెయ్యి సరిగా లేకపోతే. ఆ గీత ఫిల్మ్ తీసేదాకా బయటపడదు, అదే బాధ. ప్లాటర్ (ఫిల్మ్‌ను కొలతకు కోసే మెషిన్) మీద మీ మోడల్ నమూనా పెట్టి ముందే కోసుకొస్తే కారు మీద బ్లేడ్ పని చాలా తగ్గుతుంది. కానీ ప్లాటర్ ముక్కలకు అంచు మడత తక్కువ రావచ్చు. అందుకే కొందరు నమూనాను కొంచెం పెద్దగా పెట్టి కోసి, మడుస్తారు. మేమూ అంతే. "బ్లేడ్ ఎక్కడెక్కడ పెడతారు?" అని అడగండి. తడుముకోకుండా చెప్పేవాడికి పని తెలిసినట్టే.

నిజాంపేట్_నల్లకారు:
నాదీ నలుపే, నాలుగేళ్లు. కొత్త కారు కదా, పాలిష్ ఎందుకు అనుకోకండి. యార్డులో దుమ్ము పట్టిన కారును అదే మురికి గుడ్డతో తుడిచి మెరిపించి ఇస్తారు. లైటు కింద చూస్తే సాలెగూడులా గీతలు. వాటి మీద ఫిల్మ్ వేస్తే అవి అద్దం వెనక ఫోటోలా అక్కడే ఉంటాయి. డెలివరీకి ముందు కారు కడగొద్దు, తుడవొద్దు అని సేల్స్ అబ్బాయికి మెసేజ్ పెట్టండి, నోటిమాట సరిపోదు. ఫిల్మ్ కింద దుమ్ము రేణువులు కూడా నలుపు మీద బాగా కనిపిస్తాయి. నా బానెట్ మీద మూడున్నాయి. మూడూ ఎక్కడున్నాయో కళ్లు మూసుకుని చెప్పగలను. పక్కవాళ్లెవరికీ కనపడవు.

లెక్కల_మాస్టారు:
లక్ష రూపాయల తొక్క! ఆ డబ్బుతో కారంతా మళ్లీ పెయింటు వేయించవచ్చు. రాళ్ల మచ్చలకు 300 రూపాయల టచప్ పెన్ను చాలు. వాహనం వాడుకోవడానికా, దాచుకోవడానికా?

నిజాంపేట్_నల్లకారు:
మాస్టారూ, మీ మాట కొట్టిపారేయను. మూడేళ్లకొకసారి కారు మార్చేవాళ్లకు ఇది దండగే, అమ్మేటప్పుడు పెట్టిన డబ్బు తిరిగి రాదు. కానీ రీపెయింట్ అయిన కారును పాత కార్లవాళ్లు పెయింటు మందం కొలిచే మీటర్ పెట్టి పట్టేసి, యాక్సిడెంట్ కారంటూ ధర కోస్తారు. అది కూడా లెక్కలోకి తీసుకోండి.

డాలస్_గోంగూర:
మాకిక్కడ చాలామంది బానెట్, బంపర్, ఫెండర్లు (ముందు చక్రాల పైనుండే రేకులు), సైడ్ మిర్రర్లకే వేయిస్తారు. ఒక మాట, వడగళ్లకు ఫిల్మ్ ఏమీ చేయదు. ఫిల్మ్ బాగానే ఉంది, దాని కింద రేకు సొట్టలు పోయింది. స్వానుభవం.

గుట్ట_దారి:
ఎవరూ చెప్పని సంగతి ఒకటి. యాదగిరిగుట్టలో వాహన పూజ చేయించాం. అయ్యగారు బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేసి, కుంకుమ బొట్లు పెట్టారు. అమ్మ తుడవనివ్వలేదు, మూడు రోజులు అలాగే ఉంచాం. పసుపు మరక ఎండకు కొన్ని వారాల్లో వెలిసిపోయింది. రంగు కలిపిన కుంకుమ మాత్రం ఫిల్మ్‌లోకి ఇంకి ఐదు గులాబీ చుక్కలు మిగిలాయి. తెల్ల కారు కదా, పిల్లకు బుగ్గచుక్క పెట్టినట్టు ఉంటుంది. బొట్లు ముందు అద్దం మీద పెట్టమని ముందే అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. కాకిరెట్ట కూడా అంతే, అదే రోజు నానబెట్టి తీసేయాలి. బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే తెల్ల మచ్చలు ఫిల్మ్ మీద కూడా పడతాయి.

బెజవాడ_గేర్లు:
ఇన్సూరెన్స్ సంగతి కూడా చూసుకోండి. మా తమ్ముడి కారు తలుపు మార్చారు. సర్వేయర్ తలుపుకు డబ్బు రాశాడు, దాని మీది ఫిల్మ్‌కు రాయలేదు, పాలసీలో చూపించలేదు కాబట్టి. జీఎస్టీ బిల్లు తీసుకుని, పాలసీలో చేర్పించవచ్చేమో ఏజెంటును ముందే అడగండి.

నల్లేరు_మీద_బండి:
రెండు నెలల తర్వాత వచ్చాను, ఆలస్యానికి ఏమీ అనుకోవద్దు. ఒళ్లంతా వేయించలేదు. బానెట్, ముందు బంపర్, ఫెండర్లు, సైడ్ మిర్రర్లు, తలుపుల కింది పట్టీలు, హ్యాండిల్ వెనక గోళ్ల గీతలు పడే గుంటలు, డిక్కీ అంచు. అన్నీ కలిపి 54,000, బిల్లుతో. ముందురోజు పాలిష్, తర్వాత రెండు రోజులు ఫిల్మ్. నేను సెలవు పెట్టి ఒక పూట అక్కడే కూర్చున్నాను. షాంపూ నీళ్లు చల్లి, ఫిల్మ్‌ను బానెట్ మీద తేలేసి, నలుగురు నాలుగు మూలలు పట్టుకుని దుప్పటి పరిచినట్టు పరిచారు. తర్వాత ఒక్కడే రబ్బరు ముక్కతో మధ్యలోంచి నీళ్లు బయటికి తోశాడు. వాడు ఊపిరి కూడా జాగ్రత్తగా తీస్తున్నట్టు అనిపించింది.

ఇంటికొచ్చి చూస్తే బంపర్ మలుపు దగ్గర నీటి బుడగలు. ఒకటే టెన్షన్. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తే "వారం కడగొద్దు, గుచ్చొద్దు, ఎండలో పెట్టండి" అన్నారు. పదో రోజుకు పోయాయి. ఎడమ మిర్రర్ మీద ఫిల్మ్ అంచు లేస్తే ఫ్రీగా సరిచేశారు.

మొన్న అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఎవరి స్కూటీ హ్యాండిలో ఫెండర్‌ను గీకింది. జానెడు గీత. మా ఆవిడ కెటిల్‌లో నీళ్లు కాచి తెచ్చింది, పోశాం. జానెడులో ముప్పాతిక కళ్లముందే కలిసిపోయింది. మిగతాచోట ఫిల్మే తెగింది, అక్కడ ముక్క మార్చాలట. అప్పటికే పై అంతస్తు పిల్లలు నలుగురు చుట్టూ చేరి, "అంకుల్, ఇంకోసారి గీకి చూపించండి" అని ఒకటే గొడవ.