అతిథి మాట్లాడాక చర్చ ఆగిపోతోంది: పుస్తక చర్చను ఎలా నడపాలి?

ప్రశ్న: గ్రంథాలయ సేవకుడు

మా సామాజిక గ్రంథాలయంలో నెలకొక పుస్తకం చొప్పున రెండేళ్లుగా చర్చలు జరుపుతున్నాము. పుస్తకం గురించి గానీ, అందులోని విషయం గురించి గానీ బాగా తెలిసిన ఒకరిని అతిథి వక్తగా పిలుస్తాము. సభను నడిపే బాధ్యతను మాత్రం మా పాఠకులలోనే ఒకరికి వంతులవారీగా అప్పగిస్తాము. అనుకున్నది ఒకటి, జరుగుతున్నది మరొకటి. అతిథి వస్తున్నారంటే కుర్చీలు నిండుతాయి గానీ, వారు ముప్పావుగంట మాట్లాడిన తరువాత మిగిలేది పావుగంటే. ఆ పావుగంటలోనైనా అందరూ అతిథిని ప్రశ్నలు అడుగుతారే తప్ప, ఒక పాఠకుడు మరొక పాఠకుడితో మాట కలపడం కనిపించదు. అతిథి లేని నెలల్లో పదీ పన్నెండు మందే వస్తారు, కానీ తలుపులు మూసే వేళ దాటినా వారి మాటలు తెమలవు.

పోయిన నెల సభ నడిపిన పాఠకురాలు, "నేను చేసిన పనల్లా పరిచయం చదవడం, చివర ధన్యవాదాలు చెప్పడం. ఈ మాత్రానికి పుస్తకం రెండుసార్లు చదివి ఉండనక్కర లేదు" అని నిష్ఠూరంగానే అన్నారు. ఆమె అన్నదానిలో తప్పేమీ లేదు. అతిథులను పిలవడం మానుకోవాలా, లేక వారు ఉండగానే చర్చ సాగే పద్ధతి ఏదైనా ఉన్నదా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం 1: పాత నిర్వాహకురాలు

అతిథులను మానుకోనక్కర లేదు. వరుస మార్చి చూడండి. ముందు పాఠకులు మాట్లాడాలి, ఆ తరువాతే అతిథి మాట్లాడాలి.

పాఠకులు నోరు విప్పకపోవడానికి బిడియమే కారణమని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో అసలు కారణం వేరే ఉన్నది. విషయం తెలిసిన మనిషి పుస్తకానికి ఒక అర్థం చెప్పేసిన తరువాత, తన మనసులో ఇంకా సగమే రూపు కట్టిన అభిప్రాయాన్ని బయటపెట్టడం ఎవరికైనా అనవసరంగా తోస్తుంది. పరీక్ష అయిపోయి జవాబులు కూడా తెలిసిపోయాక కాగితం దిద్దుకుంటున్నట్టు ఉంటుంది. మేము ఒకసారి అతిథిని మొదటి గంటసేపు అందరితోపాటు కూర్చుని వినమనీ, తరువాతి ఇరవై నిమిషాలలో తాము విన్నదాని మీదనే మాట్లాడమనీ కోరాము. ఆయన తెచ్చుకున్న కాగితాలలో సగానికి పైగా పక్కన పెట్టేశారు. ఆ సగంలోని సంగతులను పాఠకులు అప్పటికే తమ మాటల్లో చెప్పేశారు కనుక, ఎవరికీ తట్టని విషయాల మీదనే ఆయన నిలబడవలసి వచ్చింది. అంత మంచి ఉపన్యాసాన్ని మా దగ్గర అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు.

ఈ సమస్య కొత్తది కాదు. 1947లో షికాగోలో రాబర్ట్ హచిన్స్, మార్టిమర్ ఆడ్లర్ నెలకొల్పిన గ్రేట్ బుక్స్ ఫౌండేషన్ చర్చలకు కఠినమైన నియమాలు ఉండేవి. పుస్తకం చదివినవారే చర్చలో పాల్గొనాలి; మాట ఆ రచనను దాటి పోకూడదు; చెప్పిన అభిప్రాయానికి రచనలోనే ఆధారం చూపాలి; నడిపేవారు ప్రశ్నలు అడగాలే గానీ జవాబులు చెప్పకూడదు. పండితుల వ్యాఖ్యానం లేకుండా మామూలు పాఠకులే గొప్ప రచనలతో తలపడగలరన్న నమ్మకం ఆ నియమాల వెనుక ఉన్నది. మీరు అంత దూరం వెళ్లనక్కర లేదు గానీ, ఆఖరి నియమాన్ని మాత్రం మీ సభ నడిపేవారి చేతికి ఇవ్వండి. తనకు జవాబు ముందే తెలిసిన ప్రశ్నను వారు అడగకూడదు. అడిగితే అది చర్చ కాక పాఠం అప్పజెప్పించుకోవడం అవుతుంది, పెద్దవాళ్లు ఆ తేడాను క్షణంలో పసిగడతారు.

సమాధానం 2: ఒకప్పటి అతిథి

నేను ఇలాంటి సభలకు వక్తగా చాలాసార్లు వెళ్లాను కనుక, అవతలి పక్క మాట కూడా చెబుతాను. మీరు పుస్తకం పేరు, తేదీ, సమయం మాత్రమే తెలిపి "వచ్చి మాట్లాడండి" అంటే, వక్త ఉపన్యాసమే తయారు చేసుకుని వస్తారు. వారికి తెలిసిన పని అదే. ఎంతమంది చదివి వస్తారో, ఎవరైనా అసలు చదువుతారో లేదో తెలియనప్పుడు, చదవనివారి కోసం కథంతా చెప్పడం మొదలుపెడతాము. చదివినవారికి విసుగు పుట్టేది అక్కడే.

సభకు రెండు వారాల ముందు అతిథికి ఒక చిన్న ఉత్తరం రాయండి. ఎంతసేపు మాట్లాడాలో, ఎవరి తరువాత మాట్లాడాలో, పాఠకులు ఏ ఘట్టం దగ్గర తెగక వాదించుకుంటున్నారో అందులో ఉండాలి. ఉత్తరం రాయవలసినది కార్యదర్శి కాదు, ఆ నెల సభ నడపబోయే పాఠకురాలే. అప్పుడు ఆమెకు పుస్తకం రెండుసార్లు చదివిన ఫలం దక్కుతుంది, సభలో మధ్యలో ఆపి "సమయం అయింది" అని చెప్పే చనువూ దొరుకుతుంది. ముందే మాట అనుకుని ఉంటే ఏ వక్తా నొచ్చుకోరు. ఏమీ చెప్పకుండా పిలిచి, చీటీ పంపి ఆపితేనే నొచ్చుకుంటారు. (నాకు అలా చీటీ వచ్చిన సభ ఒకటి ఇప్పటికీ గుర్తే.)

సమాధానం 3: వంతు వచ్చిన పాఠకుడు

సభ నడిపేవారు పండితులు కానక్కర లేదని ధైర్యంగా చెప్పండి. 1902లో స్వీడన్‌లోని లుండ్‌లో ఆస్కర్ ఊల్సన్ ప్రారంభించిన అధ్యయన వృత్తాలలో ఉపాధ్యాయుడంటూ ఉండేవాడు కాదు. సభ్యులు తమలో ఒకరినే నాయకుడిగా పెట్టుకుని, కొన్న పుస్తకాలను ఒకరి తరువాత ఒకరు చదివి చర్చించుకునేవారు. ఆ పుస్తకాలు పోగుపడి చాలాచోట్ల చిన్న గ్రంథాలయాలు వెలిశాయి. మన వంతు పద్ధతి దానికి దగ్గరదే.

ఇక రోజువారీ సంగతులు. "పుస్తకం ఎలా ఉంది?" అని మొదలుపెడితే "బాగుంది" అన్న మాటతో మూతపడుతుంది. "ఏ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు ఆలోచించారు?" అని అడిగి చూడండి, ప్రతివారి దగ్గరా ఏదో ఒక పేజీ ఉంటుంది. ప్రశ్న వేసిన తరువాత నిశ్శబ్దం వస్తే భయపడి దాన్ని మీ మాటలతో నింపవద్దు. లోపల పది అంకెలు లెక్కపెట్టండి, ఈలోగా ఎవరో ఒకరు అందుకుంటారు. ఒక్కరే ఎడతెగక మాట్లాడుతుంటే, వారు చెప్పినదానిలో ఒక ముక్క పట్టుకుని "దీన్ని ఒప్పుకోనివారు ఉన్నారా?" అని గదినంతా అడగండి, మాట మర్యాదగానే చేతులు మారుతుంది. చదవకుండా వచ్చినవారిని పంపేయవద్దు గానీ, వారి కోసం కథ మొత్తం చెప్పే బాధ్యత కూడా నెత్తికెత్తుకోవద్దు.

చాలామంది చదవకపోవడానికి ప్రతులు దొరకకపోవడమే కారణం. పుస్తకం ఐదు ప్రతులుండి ఒక్కొక్కటి రెండు వారాలకు ఇస్తే, ఎనిమిది వారాలలో ఇరవై మంది చదువుతారు. కాబట్టి పుస్తకాన్ని రెండు నెలల ముందే ప్రకటించండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఉత్తరం సంగతి మాకు అసలు తట్టలేదు. వచ్చే నెల నుంచే మొదలుపెడతాము. ఒక్క సందేహం మిగిలింది. అతిథి ఆ పుస్తకం రాసిన రచయితే అయితే? ఎదురుగా రచయితను కూర్చోబెట్టుకుని, చివరి అధ్యాయం తేలిపోయిందని ఏ పాఠకుడు అనగలడు?

సమాధానం 4: పాత నిర్వాహకురాలు

అనలేరు. నేను చెప్పిన పద్ధతి అక్కడ పనిచేయదు. రచయితను గంటసేపు మౌనంగా కూర్చోబెట్టి తన పుస్తకం గురించి వినమనడం ఇరుపక్కలా ఇబ్బందే. అలాంటప్పుడు రెండు సభలు పెట్టండి. 1998లో సియాటిల్ నగర గ్రంథాలయంలో నాన్సీ పర్ల్ చేపట్టిన, ఊరంతా ఒకే పుస్తకం చదివే కార్యక్రమంలో, గ్రంథాలయం ప్రతులనూ చర్చకు పనికివచ్చే ప్రశ్నలనూ ముందుగా బృందాలకు అందించింది. రచయితే స్వయంగా వచ్చి పాఠకులను కలుసుకున్నారు. మీరు కూడా మొదటి సభను రచయిత లేకుండా జరిపి, అందులో తేలని ప్రశ్నలను, మెచ్చుకోలుతోపాటు అభ్యంతరాలను కూడా, పేర్లు లేకుండా రాసి పంపండి. వాటిలో తమకు నచ్చినవాటికి రెండవ సభలో రచయిత జవాబు చెబుతారు. చివరి అధ్యాయం గురించిన మాట కాగితం మీద చేరితే ఎవరి ముఖమూ ఎర్రబడదు.

ఇంకొకటి, చిన్నదే. ఒకే పుస్తకానికి వేర్వేరు ముద్రణలు సభ్యుల చేతుల్లో ఉంటే పేజీ సంఖ్యలు కలవవు, వెతుకులాటలోనే సమయం పోతుంది. ప్రశ్నల కాగితంలో అధ్యాయం సంఖ్య, ఆ పేరా మొదటి మూడు మాటలు రాయండి.