సమర్‌ఖండ్‌లో రెండు రోజులు, అమ్మతో... సలహా చెప్పండి

అక్టోబరులో అమ్మతో ఉజ్బెకిస్తాన్ వెళ్తున్నాను. తాష్కెంట్ నుంచి అఫ్రసియాబ్ రైల్లో సమర్‌ఖండ్ చేరతాం. అక్కడ ఉండేది రెండు రోజులే. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

మూడు మదర్సాలున్న రెగిస్తాన్ కూడలి ఎలాగూ చూస్తాం. తైమూర్ మనవడు ఉలుగ్ బేగ్ కట్టించిన మదర్సా 1420లో పూర్తయితే, ఎదురుగా ఉన్న షేర్‌దోర్‌ను దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత కట్టారు. ద్వారం మీద పులుల్లాంటి బొమ్మలున్నది దానికే. ఆ పలకల పనిని దగ్గర్నుంచి చూడాలని అమ్మ ఆశ (నలభై ఏళ్లుగా ముగ్గులు పెడుతున్న మనిషి మరి!). ఫొటోలకు పొద్దున వెలుతురు బాగుంటుందా, సాయంత్రమా?

అసలు టెన్షన్ షాహీ జిందా గురించి. ఆ సమాధుల వీధికి చాలా మెట్లెక్కాలి, అమ్మకేమో మోకాళ్ల నొప్పులు. వెనక శ్మశానం వైపు నుంచి లోపలికి రానిస్తారా?

తైమూర్ సమాధి గూర్ ఎమీర్, బీబీ ఖానుం మసీదు ఒక్క పూటలో అవుతాయా? ఉలుగ్ బేగ్ అబ్జర్వేటరీలో మిగిలింది నక్షత్రాలను కొలిచే పెద్ద పరికరంలో నేలలోపలి వంపు భాగమే అయినా, నేను మాత్రం దాన్ని వదులుకోను.

ఇంకొకటి, మేం శాకాహారులం. నాన్ రొట్టెలు, పండ్లతో గడిచిపోతుందా, ఆవకాయ సీసా మోసుకెళ్లాలా?