పెల్లెట్‌ను వేలితో నొక్కితే చాలా, లోపలికి దింపాలా?

అమ్మాయి నాన్న, హన్మకొండ:
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. 10 మీటర్ల ఓపెన్ సైట్ (గాడిలోంచి చూసి గురిపెట్టే) పోటీల కోసం స్ప్రింగు ఎయిర్ రైఫిల్‌తో సాధన చేస్తోంది. బ్యారెల్‌ను, అంటే గొట్టాన్ని, కిందికి విరిచి పెల్లెట్ (చిన్న సీసపు గుండు) పెట్టే రకం. పెల్లెట్‌ను బొటనవేలితో బ్యారెల్ అంచుకు సమంగా నొక్కి వదిలేయమని కోచ్ గారు అంటారు. అక్కడే సాధన చేసే ఒక సీనియర్ అబ్బాయి బాల్‌పెన్ను వెనుక కొసతో దాన్ని మరికాస్త లోపలికి తోస్తాడు. అప్పటి నుంచి గ్రూప్, అంటే రంధ్రాలు చెదిరిన వెడల్పు, సగానికి తగ్గిందంటూ ఐదు రంధ్రాల కాగితం తెచ్చి చూపించాడు. ఇప్పుడు మా అమ్మాయి కూడా అదే పని చేస్తోంది, కోచ్ గారు కోప్పడుతున్నారు. నాకు ఈ ఆట తెలియదు. ఎవరి మాట వినాలి?

లేత్ పనివాడు, గోదావరిఖని:
అబ్బాయి చేసేదే సరి. పెల్లెట్ వెనుక భాగం, అంటే స్కర్ట్, తల కన్నా కాస్త లావుగా ఉంటుంది. వేలితో నొక్కితే తల సులువుగా దూరుతుంది, స్కర్ట్ అంచు మాత్రం ఒకసారి సమంగా, ఒకసారి వెంట్రుకవాసి బయటికి నిలుస్తుంది. అలా నిలిచిందాని మీద బ్యారెల్ మూస్తే అంచు ఒకవైపు నలుగుతుంది. నలిగిన స్కర్ట్ గొట్టం దాటగానే గాలిని ఒక పక్కకే ఎక్కువ వదులుతుంది, పెల్లెట్ వంకర పోతుంది. నేను ఇత్తడి కడ్డీ తిప్పి, చివర గుండ్రం చేసి, మెడ దగ్గర అడ్డుకట్టు పెట్టుకున్నాను. కట్టు బ్యారెల్‌కు తగలగానే ఆగుతుంది. ఎవరు నొక్కినా అంతే లోతు.

కోచ్, వరంగల్:
ఆ కోపిష్టి కోచ్‌ను నేనే అనుకుంటాను. కాకపోయినా ఆయన పక్షమే. గోదావరిఖని పెద్దమనిషి చేతిలో ఉన్నది అడ్డుకట్టు ఉన్న ఇత్తడి పనిముట్టు, పిల్లల చేతిలో ఉన్నది ఐదు రూపాయల పెన్ను. దానికి ఆగే చోటు లేదు. మొదటి దెబ్బకు మెల్లగా, ముప్పయ్యో దెబ్బకు విసుగుతో గట్టిగా నొక్కుతారు. స్కర్ట్ మెత్తని సీసం, పల్చని గోడ. పెన్ను వంకరగా దిగితే బ్యారెల్ మూత చేసే హాని మనమే ముందుగా చేసినట్టు. బొటనవేలు దేవుడిచ్చిన అడ్డుకట్టు, అంచుకు తగలగానే తెలుస్తుంది. పిల్లలకు దానితో సమంగా నొక్కడం నేర్పడానికి వారం పట్టదు. ఇక హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన విభాగంలో వాడే మ్యాచ్ రైఫిళ్లు వేరు. వాటిలో మీట మూయగానే పెల్లెట్ ప్రతిసారీ ఒకే చోటికి చేరుతుంది. అక్కడ ఈ గొడవే లేదు.

ప్లానో, టెక్సస్ (సొంతూరు కాజీపేట):
ఇక్కడ తూటాలు సొంతంగా నింపుకొని దూరపు టార్గెట్లు కొట్టేవాళ్లు ఇదే ప్రశ్న మీద రాత్రులు గడుపుతారు. బుల్లెట్‌ను కేసులో (తూటా గుల్లలో) ఎంత లోతున కూర్చోబెట్టాలి, అది రైఫ్లింగ్‌ను, అంటే గొట్టం లోపలి మెలికల గాళ్లను, అందుకునే ముందు ఎంత ఖాళీ దూకాలి అని. అంగుళంలో వెయ్యో వంతుల్లో మాట్లాడతారు. రైఫ్లింగ్‌కు ఆనించి కూర్చోబెడితే పీడనం పెరుగుతుంది కాబట్టి తుపాకి మందు తగ్గించుకోవాలి. పైగా కాల్చేకొద్దీ గొంతు దగ్గర లోహం అరిగి రైఫ్లింగ్ మొదలు ముందుకు జరుగుతుంది, నిరుడు కుదిరిన లోతు ఈ ఏడు కుదరకపోవచ్చు. అయినా చాలామంది చివరికి చేరేది ఒక్కచోటికే: అన్ని తూటాలూ ఒకేలా ఉండాలి. మీకూ అంతే అన్నగారూ, లోతు ఎంత అన్నది రెండో మాట.

కోచ్, వరంగల్:
తమ్ముడూ, పిల్లలు చదివే చోట తూటా నింపడం గురించి రాస్తే ఒక మాట చేర్చాలి. మన దేశంలో లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. మీ పోలిక కూడా సగమే అతుకుతుంది. అక్కడ మందు మండి తోస్తుంది. ఇక్కడ స్ప్రింగు పిస్టన్‌ను తోస్తే పిస్టన్ గాలిని నొక్కుతుంది. తగినంత పీడనం పుట్టేదాకా పెల్లెట్ కదలదు, కదిలేసరికి పిస్టన్ ప్రయాణం దాదాపు అయిపోతుంది. పెల్లెట్ మరీ సులువుగా కదిలితే పిస్టన్ గోడకు గట్టిగా కొడుతుంది, మరీ బిగుతుగా ఉంటే వెనక్కి ఎగురుతుంది. అందుకే లోతుగా దింపితే ఒక రైఫిల్‌లో వేగం పెరుగుతుంది, మరోదానిలో తగ్గుతుంది.

లేత్ పనివాడు, గోదావరిఖని:
ఇది నేను ఒప్పుకుంటాను. నా రైఫిల్‌లో క్రోనోగ్రాఫ్ (వేగం కొలిచే పరికరం) మీద సగటు వేగం పెద్దగా మారలేదు, దెబ్బకూ దెబ్బకూ తేడా తగ్గింది. నాకు కావలసింది రెండోదే.

నిట్ విద్యార్థి:
ఎవరూ ఆ కాగితం గురించి అడగలేదే? ఐదు దెబ్బల గ్రూప్ కొలత, రైఫిల్‌లో ఏమీ మార్చకపోయినా, సగటుకు పాతిక శాతం అటూ ఇటూ ఊగడం మామూలు. ఒక కాగితం కలిసొచ్చింది, ఇంకోటి కలిసిరాలేదు, తేడా సగం కనిపించింది. పైగా తప్పులు మామూలుగా కూడవు, ఒక్కోదాన్ని వర్గం చేసి కూడి, వర్గమూలం తీయాలి. అమ్మాయి చేతి వణుకు వల్ల చెదిరేది 3 మి.మీ., పెల్లెట్ వల్ల 0.8 అనుకుందాం. మొత్తం 3.1. లోతు సరిచేసి పెల్లెట్ వాటాను సగం చేసినా మొత్తం 3.03 దగ్గర ఆగుతుంది. తగ్గింది మిల్లీమీటరులో పదో వంతు కూడా కాదు. అంతర్జాతీయ 10 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో వలయానికీ వలయానికీ మధ్య 2.5 మి.మీ. ఉంటుంది. ఆ సమయమేదో నిలబడే తీరు మీద పెట్టమనండి.

లేత్ పనివాడు, గోదావరిఖని:
లెక్క బాగుంది బాబూ, కానీ అది అన్ని పెల్లెట్లూ ఒకే తీరున చెదురుతాయనుకున్న లెక్క. నలిగిన స్కర్ట్ అలా చేయదు. ముప్పై తొమ్మిది బాగా వెళ్తాయి, ఒకటి ఏడు పాయింట్ల వలయంలోకి పోతుంది. ఆ ఒక్కటి మీ సగటులో కనపడదు, పతకాల జాబితాలో కనపడుతుంది.

నిట్ విద్యార్థి:
న్యాయమే. అయితే చూడాల్సింది గ్రూప్ సగటు కాదు, దారి తప్పే దెబ్బలు. అవి అరుదు కాబట్టి డబ్బాలకు డబ్బాలు కాల్చాలి. రైఫిల్‌ను ఇసుక సంచి మీద పెట్టి, పెల్లెట్ ఒకరు పెట్టి ఇంకొకరు కాల్చాలి. ఏ పద్ధతిలో పెట్టారో కాల్చేవారికి తెలియకూడదు. లేకపోతే పెన్ను అభిమాని పెన్ను వంతు వచ్చినప్పుడు ఇంకాస్త ఊపిరి బిగబడతాడు.

కోచ్, వరంగల్:
ఇసుక సంచి మీద స్ప్రింగు రైఫిల్ చేతిలో తన్నినట్టు తన్నదు, గురి వేరే చోటికి పోతుంది. అయినా రెండు పద్ధతులకూ అదే సంచి కాబట్టి పోల్చుకోవచ్చు. చేయిద్దాం. పెన్ను మాత్రం నా రేంజిలోకి రాదు.

అమ్మాయి నాన్న, హన్మకొండ:
లేత్ గారూ, ఆ ఇత్తడి పనిముట్టు ఇంకొకటి చేసి పంపగలరా? ఖర్చు నాది.

లేత్ పనివాడు, గోదావరిఖని:
డబ్బులు వద్దు. ముందు రైఫిల్ మోడల్ చెప్పండి. బ్రీచ్ (పెల్లెట్ పెట్టే చోటు) నోటి వాలు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, నా దాని కొలత మీ దానికి పనికిరాదు. అంతవరకు అమ్మాయిని బొటనవేలితోనే కానివ్వమనండి, మూసే ముందు అంచు మీద గోరు ఒకసారి తిప్పి చూసుకోమనండి.

కోచ్, వరంగల్:
గోరు మాట నేను రోజూ చెప్పేదే.